ఇంట్లో పాటలకు ఈక్వలైజర్: నంబర్లు మీ గది నుంచే రాబట్టడం ఎలా

"ఈక్వలైజర్‌లో ఏ బ్యాండ్ ఎంత పెట్టాలి? నంబర్లు చెప్పండి చాలు" అని తరచూ అడుగుతుంటారు. ఈక్వలైజర్ అంటే పాటలోని కింది, మధ్య, పై స్వరాలను విడివిడిగా పెంచే, తగ్గించే సాధనం; అందులో ఒక్కో భాగమే బ్యాండ్. నంబర్లు చెప్పడం తేలికే, కానీ అవి మీకు పనికిరావు. చెన్నై వేళచేరిలో పది బై పన్నెండు బెడ్‌రూమ్‌లో చక్కగా కుదిరిన సెట్టింగ్, అవే స్పీకర్లతో అన్నానగర్‌లోని పాతకాలపు పెద్ద హాల్లో కుదరదు. బేస్ దగ్గర స్పీకరు ఎంత పలుకుతుందో గది కూడా అంతే పలుకుతుంది. చెన్నై ఫ్లాట్లలో నాలుగు వైపులా సిమెంటు గోడలు, కింద టైల్స్, పైన శ్లాబు. బేస్ బయటికి పోయే దారి లేక గదిలోనే తిరుగుతుంది. అందుకే మీ గదికి తగిన నంబర్లు రాబట్టే పద్ధతి ఇక్కడ ఇస్తున్నాం. ఒక సెలవురోజు మధ్యాహ్నం కేటాయిస్తే పని అయిపోతుంది.

కావలసినవి

మీ స్పీకర్లు, ఆంప్లిఫయరు, కొలత టేపు, కాగితం, పెన్ను. ఇవి కాక ఒక ఈక్వలైజర్ కావాలి. విండోస్ కంప్యూటర్ నుంచి వింటుంటే ఈక్వలైజర్ ఏపీఓ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దానిమీద పీస్ అనే ఇంటర్‌ఫేస్ వేసుకుంటే స్లయిడర్లతో పని సులువు. లినక్స్‌లో ఈజీ ఎఫెక్ట్స్, మ్యాక్‌లో ఈక్యూమ్యాక్ ఉన్నాయి. ఆంప్లిఫయరులోనే పది బ్యాండ్ల ఈక్వలైజర్ ఉంటే దానితోనూ చాలావరకు సాధించవచ్చు.

కొలవడానికి మంచి దారి యూఎస్‌బీ కొలత మైకు. మినీడీఎస్పీ వాళ్ల యూమిక్-1 లాంటిది కొంటే, దాని సీరియల్ నంబరుకు తగిన క్యాలిబ్రేషన్ ఫైలు (ఆ మైకు కొలతలో తేడాలను సరిదిద్దేది) వాళ్ల సైట్‌లో దొరుకుతుంది. దానితో పాటు రూమ్ ఈక్యూ విజర్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరికే మామూలు కాలర్ మైకులు, కరావోకే మైకులు ఈ పనికి రావు. అవి గొంతు కోసం చేసినవి, బేస్‌ను సరిగా పట్టవు. ఫోన్ మైకుతో స్పెక్ట్రాయిడ్ లాంటి యాప్ వాడితే 100 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు; అంకె పెరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది) పైన ఒక అంచనా వస్తుంది. ఆ కిందిదాన్ని మాత్రం నమ్మకండి. చాలా ఫోన్లు గాలి చప్పుడు రాకుండా కింది స్వరాలను కోసేస్తాయి.

మైకు కొనడం ఇష్టం లేకపోతే చెవితో చేసే పద్ధతి కూడా కింద ఉంది. దానికి ఒక టోన్ జనరేటర్ యాప్ చాలు.

ఈక్వలైజర్ ముట్టుకునే ముందు

1. పాత సెట్టింగులన్నీ సున్నా చేయండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఫోన్‌లో డాల్బీ, పాటల యాప్‌లో ఒక ఈక్వలైజర్, విండోస్‌లో ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్, ఆంప్లిఫయరులో బేస్ నాబ్, లౌడ్‌నెస్ బటన్... ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. అన్నీ ఆపి, ఈక్వలైజర్ ఒక్క చోటే ఉండేలా చూసుకోండి.

2. వైర్లు చూడండి. ఒక స్పీకరుకు ఎరుపు, నలుపు తారుమారైతే రెండు స్పీకర్లూ ఎదురెదురుగా పనిచేసి బేస్ చచ్చిపోతుంది. వార్తలు చదివేవాళ్ల గొంతు పెట్టి రెండు స్పీకర్ల సరిగ్గా మధ్యలో కూర్చోండి. గొంతు నడిమధ్య నుంచి రావాలి. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా గదంతా పరుచుకున్నట్టు ఉంటే ఒక స్పీకరు వైర్లు తిప్పి పెట్టి మళ్లీ వినండి. ఈ తప్పును ఏ ఈక్వలైజరూ దిద్దలేదు.

3. స్పీకర్లను సర్దండి. రెండు స్పీకర్లూ మీ తలా కలిసి సమభుజ త్రిభుజంలా ఉండాలి. స్పీకర్ల మధ్య ఆరడుగులుంటే మీరూ ఒక్కో దానికి ఆరడుగుల దూరంలో కూర్చోవాలి. ట్వీటరు (పై స్వరాలు పలికే చిన్న స్పీకరు) చెవి ఎత్తులో ఉండాలి, కుర్చీలో కూర్చుంటే అది దాదాపు మూడడుగులు. షోకేస్ అరలోకి తోసిన స్పీకరును కనీసం అర అంచు దాకా ముందుకు లాగండి. మూలలో ఉన్నదాన్ని మూల నుంచి బయటికి తీయండి, మూల బేస్‌ను విపరీతంగా పెంచుతుంది.

4. సోఫా జరపండి. సోఫా వెనుక గోడకు ఆనుకుని ఉంటే బేస్ గుబగుబలాడుతుంది. గది పొడవులో సరిగ్గా మధ్యన కూర్చుంటే కొన్ని బేస్ స్వరాలు మాయమవుతాయి. గోడ నుంచి ఒకటిన్నర, రెండడుగులు ముందుకు జరిపినా చాలా తేడా వస్తుంది. కుదిరితే, స్పీకర్ల వెనుక గోడ నుంచి మీ తల దాకా దూరం గది పొడవులో 60 శాతం దగ్గర ఉండేలా చూడండి.

ఈ నాలుగూ చేశాక "ఇక ఈక్వలైజర్ అక్కర్లేదు" అనిపిస్తే ఆనందంగా అక్కడే ఆగిపోవచ్చు.

మీ గది ఎక్కడ గుబగుబలాడుతుందో లెక్క

ఇక్కడ సిద్ధాంతం ఒక్క వరుసే: 565ను గది కొలతతో, అడుగుల్లో, భాగించండి. వచ్చేది ఆ దిక్కున గది అన్నిటికంటే కింద మారుమోగే స్వరం, హెర్ట్జ్‌లో. పన్నెండడుగుల పొడవుకు 47 వస్తుంది. పదడుగుల వెడల్పుకు 56 లేదా 57. శ్లాబు ఎత్తు కూడా పదడుగులే అయితే అదే 56 దగ్గర రెండోది కూడా వచ్చి కలుస్తుంది, అక్కడ మోత ఇంకా ఎక్కువ. వీటి రెట్టింపులు, అంటే 94, 113, కూడా కాగితం మీద రాసుకోండి. కొలతలో కనపడే గుట్టలు (శబ్దం ఉబ్బిన చోట్లు) వీటి దగ్గరే ఉంటే అవి గది తప్పు, స్పీకరుది కాదు.

ఇంకో లెక్క పల్లాలకు, అంటే శబ్దం పడిపోయే చోట్లకు. స్పీకరు ముందు భాగం నుంచి దాని వెనుక ఉన్న గోడకు ఎన్ని అడుగులో చూసి, 282ను దానితో భాగించండి. రెండడుగులైతే 141 హెర్ట్జ్. గోడకు తగిలి తిరిగొచ్చిన శబ్దం ఆ చుట్టుపక్కల అసలు శబ్దాన్ని కొట్టేస్తుంది, అక్కడ పల్లం పడుతుంది. ఈ పల్లాన్ని ఈక్వలైజర్‌తో పెంచడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఎంత పెంచితే తిరిగొచ్చేదీ అంతే పెరుగుతుంది. స్పీకరును అరడుగు జరిపితే పల్లం స్థానం మారుతుంది. దానికి మందు అదే.

కొలవడం: మైకుతో

5. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ శబ్దం ఆపండి. మేలో ఇది కష్టమే, కానీ పది నిమిషాలు ఓర్చుకోండి. ఫ్యాను గాలి మైకుకు తగిలితే కింది స్వరాల్లో లేని గుట్ట కనపడుతుంది. తిరిగే రెక్కలు పై స్వరాలను వణికిస్తాయి కూడా.

6. మైకు మీ చెవులుండే చోట, చెవి ఎత్తులో పెట్టండి. మైకును స్పీకర్ల వైపు చూపిస్తే సున్నా డిగ్రీల క్యాలిబ్రేషన్ ఫైలు, పైకప్పు వైపు చూపిస్తే తొంభై డిగ్రీల ఫైలు వాడాలి. ఇది తారుమారైతే పై స్వరాల కొలత తప్పుతుంది.

7. ఆంప్లిఫయరు నాబ్ బాగా తగ్గించి, రూమ్ ఈక్యూ విజర్డ్‌లో పింక్ నాయిస్ (అన్ని స్వరాలూ కలిసిన హోరు) మొదలుపెట్టండి. మైకు దగ్గర 75 డెసిబెల్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) వచ్చేదాకా నెమ్మదిగా పెంచండి.

జాగ్రత్త: పెద్ద శబ్దంతో విడి టోన్లు ఎప్పుడూ పెట్టకండి. పది కిలోహెర్ట్జ్ టోన్ చెవికి చిన్నగానే వినిపిస్తుంది, వినపడటం లేదని నాబ్ తిప్పేసరికి ట్వీటరు కాలిపోతుంది.

8. రూమ్ ఈక్యూ విజర్డ్‌లోని ఆర్‌టీఏ (ఏ స్వరం ఎంత పెద్దగా ఉందో అప్పటికప్పుడు గ్రాఫుగా చూపే భాగం) తెరిచి సగటు తీసేలా పెట్టండి. మైకును చేత్తో పట్టుకుని, తల ఉండే చోటు చుట్టూ ఒక అడుగు మేర నెమ్మదిగా ఒక నిమిషం తిప్పండి. ఒకే బిందువు దగ్గర కొలిస్తే తల అంగుళం కదిపితే మారిపోయే గుట్టలు కూడా కనపడి మోసం చేస్తాయి. ఎడమ స్పీకరు విడిగా, కుడి విడిగా, చివర రెండూ కలిపి కొలవండి.

9. శబ్దం ఆపి మళ్లీ తెరను చూడండి. 50, 100 హెర్ట్జ్ దగ్గర గీతలు అలాగే నిలబడి ఉంటే అది కరెంటు గుయ్‌మనే శబ్దం, గది మోత కాదు. 47 హెర్ట్జ్ గది మోత పక్కనే ఉంటుంది కాబట్టి పొరబడటం సులభం. దాన్ని ఈక్వలైజర్‌తో కోయకండి. ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి, ఆంప్లిఫయరూ కంప్యూటరూ ఒకే ప్లగ్ బోర్డు నుంచి పెట్టి చూడండి.

కొలవడం: చెవితో

టోన్ జనరేటర్‌ను 40 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, చిన్న శబ్దంతో, ఐదైదు చొప్పున 200 దాకా పోండి. కూర్చున్న చోటు నుంచి కదలకండి. ఎక్కడ ఒక్కసారిగా శబ్దం ఉబ్బుతుందో, ఎక్కడ పడిపోతుందో రాసుకోండి. ఒక చోట ఉబ్బినట్టు అనిపిస్తే ఒక్కొక్క హెర్ట్జ్ చొప్పున అటూ ఇటూ జరిపి శిఖరం ఎక్కడుందో పట్టుకోండి. ముందు వేసిన లెక్కతో పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే మీ చెవి సరిగానే పట్టింది.

ఈ పనిలో ఇంకొకటి కూడా బయటపడుతుంది: ఇనుప బీరువా తలుపు, షోకేస్ అద్దం, కిటికీ గ్రిల్ దడదడ. ఏ హెర్ట్జ్ దగ్గర ఏది మోగుతుందో చూసి, మడిచిన గుడ్డ ముక్కో రబ్బరు ముక్కో దూర్చండి. పాట గరగరమంటోందని స్పీకరును అనుమానించే చాలా ఇళ్లలో అసలు దోషి బీరువానే.

ఈక్వలైజర్ సర్దడం

10. ముందు తగ్గించండి. పారామెట్రిక్ ఈక్వలైజర్‌లో ఒక్కో ఫిల్టరుకు మూడు సంగతులుంటాయి: ఏ హెర్ట్జ్, ఎన్ని డెసిబెల్ (గెయిన్), క్యూ ఎంత. క్యూ పెరిగేకొద్దీ కోత సన్నబడుతుంది. 47 దగ్గర ఏడు డెసిబెల్ గుట్ట ఉందనుకోండి. హెర్ట్జ్ 47, గెయిన్ మైనస్ 5, క్యూ 5తో మొదలుపెట్టి మళ్లీ కొలవండి. గుట్ట పక్కన కొత్త పల్లాలు పడితే క్యూ సరిపోలేదని అర్థం, కొంచెం మార్చండి. గుట్టను పూర్తిగా నేలమట్టం చేయక్కర్లేదు, మూడొంతుల్లో రెండొంతులు తగ్గితే చెవికి హాయిగా ఉంటుంది.

300 హెర్ట్జ్ లోపల మూడు నాలుగు ఫిల్టర్లు చాలు. పది పదిహేను పెట్టాల్సి వస్తోందంటే స్పీకరు చోటు తప్పు, మూడో మెట్టుకు వెళ్లండి.

పది బ్యాండ్ల గ్రాఫిక్ ఈక్వలైజర్ మాత్రమే ఉంటే 62 స్లయిడరును మైనస్ 3 దగ్గర పెట్టి వినండి. ఒక్కో స్లయిడరు పట్టు ఒక ఆక్టేవ్ (హెర్ట్జ్ రెట్టింపయ్యేంత మేర) వెడల్పు కాబట్టి పక్కవాటినీ కొంత లాగుతుంది, సన్నని కోత దానితో రాదు. అయినా ఏమీ చేయకపోవడం కంటే చాలా మేలు.

11. 300 పైన చెయ్యి తేలిక చేయండి. అక్కడ క్యూ 1 లోపలే, ఒకటి రెండు డెసిబెల్ లోపలే. కొలతలో కనపడే ప్రతి చిన్న పన్నునూ చదును చేయబోతే గొంతులు చచ్చిపోతాయి. గ్రాఫును చూసేటప్పుడు కూడా ఇక్కడ మూడో వంతు ఆక్టేవ్ స్మూతింగ్ (గీతను నునుపు చేసి చూపే అమరిక) పెట్టుకోండి.

గీత బల్లపరుపుగా రావాలనుకోవడం పెద్ద అపోహ. మంచి స్పీకరు మామూలు గదిలో బేస్ నుంచి పైకి పోయేకొద్దీ మెల్లగా దిగుతుంది. బేస్, ఒక కిలోహెర్ట్జ్ కంటే మూడు నాలుగు డెసిబెల్ పైన, పది కిలోహెర్ట్జ్ దగ్గర అంతే కింద ఉంటే సరే. బల్లపరుపు చేస్తే పాట చెవుల్లో గుచ్చుకుంటుంది.

12. ఏ స్లయిడరు ఏం చేస్తుందో ఇలా గుర్తుపెట్టుకోండి. 31 హెర్ట్జ్ దగ్గర ఐదంగుళాల స్పీకరు పలకనే పలకదు, అక్కడ పెంచితే కోన్ (స్పీకరులో కదిలే పొర) ఊరికే ఊగుతుంది. మృదంగం తొప్పి గుంభనం 62, 125 మధ్య. 250 ఎక్కువైతే అంతా ముద్దగా, 500 ఎక్కువైతే డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఒక కిలోహెర్ట్జ్ ఎక్కువైతే గొంతు ముక్కుతో పాడినట్టు. రెండు నుంచి నాలుగు కిలోహెర్ట్జ్ మాట స్పష్టత. కృతిలో సాహిత్యం అర్థం కావడం లేదంటే ఒక డెసిబెల్ ఇక్కడ పెంచండి, కానీ అంతకు ముందు 250ను రెండు తగ్గించి చూడండి, ఎక్కువసార్లు అదే సరిపోతుంది. "స", "శ" సిస్‌మని కోస్తుంటే ఆరు నుంచి ఎనిమిది కిలోహెర్ట్జ్ మధ్య రెండు డెసిబెల్ తగ్గించండి. మరీ తగ్గిస్తే తంబూరా జీవా, వయొలిన్ కమాను గీత పోతాయి. 16 కిలోహెర్ట్జ్‌ను వదిలేయండి. వయసు పెరిగేకొద్దీ అది వినపడటం తగ్గిపోతుంది, వినపడని దాన్ని సర్దలేం.

13. ప్రీయాంప్ (ఈక్వలైజర్‌లో మొత్తం శబ్దాన్ని పెంచే, తగ్గించే మీట) తగ్గించడం మరవకండి. ఎక్కడైనా ప్లస్ 3 పెట్టారా, ప్రీయాంప్ మైనస్ 3, ఇంకా మంచిది మైనస్ 4. లేకపోతే పెద్ద శబ్దాల దగ్గర డిజిటల్ సిగ్నల్ నెత్తి తెగి కరకరమంటుంది. స్పీకరు పోయిందని రిపేరుకు పట్టుకెళ్లేవాళ్లలో కొందరి సమస్య ఇదే. పెంచడానికి ప్లస్ 3ను హద్దు అనుకోండి. ప్లస్ 6 అంటే ఆంప్లిఫయరు నుంచి నాలుగు రెట్లు పవరు, ప్లస్ 10 అంటే పది రెట్లు.

14. చిన్న స్పీకర్లకు హై పాస్ ఫిల్టరు (ఒక హద్దు కింది స్వరాలను ఆపేది) ఒకటి పెట్టండి, ఐదంగుళాల వూఫరుకు (బేస్ పలికే భాగం) 45 హెర్ట్జ్ దగ్గర. వెనుక గొట్టం ఉన్న స్పీకర్లకు ఇది మరీ అవసరం. ఆ గొట్టం ట్యూనింగు కింద కోన్‌కు అదుపుండదు. సబ్‌వూఫరు ఉంటే క్రాసోవర్ (సబ్‌వూఫరు, స్పీకర్లు స్వరాలు పంచుకునే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, ఫేజ్ స్విచ్‌ను రెండు వైపులా వేసి చూసి, 80 దగ్గర ఏ వైపు బేస్ నిండుగా ఉంటే అటు వదిలేయండి. ఈక్వలైజర్ ఆ తర్వాతే.

టీవీ, సౌండ్‌బార్, హెడ్‌ఫోన్

చాలా టీవీల్లో ఈక్వలైజర్ టీవీ సొంత స్పీకర్లకే పనిచేస్తుంది. హెచ్‌డీఎంఐ ద్వారా సౌండ్‌బార్‌కు పోయే శబ్దాన్ని అది ముట్టుకోదు. కాబట్టి సౌండ్‌బార్ యాప్‌లోనే సర్దండి. సినిమాలో మాటలు వినపడక, ఫైట్ రాగానే ఉలిక్కిపడటం ఈక్వలైజర్ సమస్య కాదు, నైట్ మోడ్ పెట్టండి. హెడ్‌ఫోన్‌కు గది లేదు, దాని నంబర్లు వేరు. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ యాప్ వేసుకుని, హెడ్‌ఫోన్ల సెట్టింగులుండే ఆటోఈక్యూ జాబితాలో మీ మోడల్ ఉంటే ఐదు నిమిషాల పని. స్పీకర్ల సెట్టింగును హెడ్‌ఫోన్‌కు మాత్రం వాడకండి.

రాత్రి కోసం రెండో ప్రీసెట్

శబ్దం తగ్గించినప్పుడు చెవికి బేస్ ఇంకా తగ్గినట్టు అనిపిస్తుంది. అందుకని రాత్రి 50 హెర్ట్జ్‌ను పెంచితే అది శ్లాబు గుండా కింది ఇంటికి పోతుంది. మన నిబంధనల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాలకు హద్దు 45 డెసిబెల్. దీనికి మంచి ఉపాయం: హై పాస్‌ను 60కి జరిపి, 100 నుంచి 125 మధ్య రెండు డెసిబెల్ పెంచండి. కింది స్వరం లేకపోయినా దాని పై హార్మోనిక్‌ల (ఆ స్వరానికి రెండు, మూడు రెట్ల స్వరాలు) నుంచి మెదడు దాన్ని ఊహించుకుంటుంది. స్పీకర్ల కింద మందపాటి రబ్బరు పెట్టండి. నేల మీద జంపఖానా పరిస్తే పై స్వరాల ప్రతిధ్వని తగ్గుతుంది, బేస్‌కు మాత్రం దానివల్ల ఏ ఉపయోగమూ లేదు.

కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది

ముందుగా శబ్దం సమం చేయండి. ఇది తప్పితే మిగతా పరీక్షలన్నీ తప్పే. గుట్టలు తగ్గించారు కాబట్టి ఈక్వలైజర్ వేసినప్పుడు మొత్తం శబ్దం తగ్గుతుంది, ఆపగానే పెరుగుతుంది. పెద్దగా ఉన్నదే చెవికి బాగున్నట్టు తోస్తుంది, దాంతో "ఈక్వలైజర్ లేకపోతేనే బాగుంది" అనే తీర్పు వస్తుంది. ఆపినప్పుడు నాబ్ తగ్గించి, పింక్ నాయిస్‌తో రెండూ ఒకే డెసిబెల్ వచ్చేలా చూసి పోల్చండి. ఇంట్లో ఇంకొకరు మీకు చెప్పకుండా ఆన్, ఆఫ్ చేస్తే ఇంకా మంచిది.

తర్వాత మూడు వినండి. మగ గొంతులో వార్తలు: ఛాతీలో గుబగుబ ఉండకూడదు. స్త్రీ గొంతులో కచేరీ రికార్డింగు: తారస్థాయిలో గుచ్చుకోకూడదు, వయొలిన్ గొంతును కప్పకూడదు. బేస్ గిటారు ఒక్కో స్వరం మెట్లెక్కే పాట: అన్ని స్వరాలూ దాదాపు ఒకే బరువుతో రావాలి. ఒక్క స్వరం మాత్రం ఎగిరి పడుతుంటే ఆ గుట్ట ఇంకా మిగిలే ఉంది. ఒకే ఒక్క రికార్డింగును బట్టి సర్దకండి. చాలా పాత రికార్డుల్లో బేస్ తక్కువే, వాటి కోసం పెంచితే కొత్త పాటలకు గది దద్దరిల్లుతుంది.

మార్పు చేసిన వెంటనే తీర్పు ఇవ్వకండి. రెండు మూడు రోజులు అలాగే విని, తర్వాత ఒక్కసారికి ఒక్క బ్యాండే, ఒక్క డెసిబెలే మార్చండి. ఒక గంట విన్నాక చెవులు అలసిపోతుంటే రెండు, నాలుగు కిలోహెర్ట్జ్ మధ్య ఒకటి తగ్గించండి.

సోఫా జరిపినా, ఇల్లు మారినా, స్పీకర్లు మార్చినా కొలత మళ్లీ మొదలు. పాత స్పీకర్లయితే ఇంకొకటి చూడండి. వూఫరు చుట్టూ ఉన్న నల్లటి ఫోమ్ అంచు చెన్నై వేడికి, తేమకు కొన్నేళ్లలో పొడిపొడి అవుతుంది. వేలితో మెల్లగా తాకండి. జిగటగా తగిలినా, రాలినా, చీలిక కనపడినా ముందు ఫోమ్ మార్పించండి, కొలతలు ఆ తర్వాత తీసుకోండి.